రాలిన కేశము – గృహస్థ ధర్మము
(దుబ్బాకలో చేసిన ధార్మికోపన్యాస పాఠము)





ఉపన్యాసము ముగిసిన పిమ్మట సందేహములు అడుగుట మన సంప్రదాయము. పురుషులు సాధారణముగా కర్మను గూర్చియో మోక్షమును గూర్చియో అడుగుదురు. తల్లులు అడుగునవి ఇంటి ప్రశ్నలు. వానిలో మేము ఏ ఊరికి పోయినను వినునది ఒకటి కలదు. "అయ్యగారూ, తల దువ్వుకొన్నప్పుడు రాలిన వెంట్రుకలను ఏమి చేయవలెను? ఒకరు పొయ్యిలో వేయుమందురు. ఒకరు కాల్చరాదందురు. బయట పారవేసిన యెడల ఎవరైన తీసికొనిపోయి ఏదైన చేయుదురని మా అత్తగారు భయపెట్టుదురు. శాస్త్రములో ఏమున్నది?"

ఇది చిన్న ప్రశ్న అని నవ్వరాదు. అన్నములో కనబడిన ఒక్క వెంట్రుక వలన అత్తాకోడండ్రు నెల దినములు మాటాడుకొనని ఇండ్లు కలవు. గడప ముందు కనబడిన చిక్కుముడి వలన ఇరుగుపొరుగు వారు శత్రువులైన వాడలు కలవు. కావున ఈ దినము ఈ విషయమునే విచారింతము.

ముందుగా వెంట్రుక యనగా ఏమో తెలిసికొనవలెను. ముండకోపనిషత్తు అక్షర పరబ్రహ్మము నుండి జగత్తు పుట్టుటకు మూడు ఉపమానములు చెప్పినది. సాలెపురుగు తన నుండియే దారమును వెలువరించి మరల తనలోనికి తీసికొనుట మొదటిది. భూమి నుండి ఓషధులు మొలచుట రెండవది. జీవించియున్న పురుషుని నుండి కేశములును రోమములును పుట్టుట మూడవది. నేతగాండ్ర ఊరైన దుబ్బాకలో సాలెపురుగు దారమును గూర్చి మేము వేరుగా వివరింప నక్కరలేదు. మూడవ ఉపమానములోని విశేషమును మాత్రము గమనింపుడు. పురుషుడు చేతనుడు. వాని నుండి పుట్టిన కేశము అచేతనము. తన స్వభావమునకు భిన్నమైన దానిని చేతనుడు ఏ ప్రయత్నమును లేకయే పుట్టించుచున్నాడని శంకర భగవత్పాదులు భాష్యములో చూపినారు. కత్తిరించినను వెంట్రుకకు నొప్పి లేకపోవుట మనకందరకును అనుభవమే. శిరస్సున నున్నంత కాలము అది మనది. రాలిన పిమ్మట అది మట్టివంటి ఒక పదార్థము మాత్రమే.

వైద్యులు చెప్పునది దీనికి అనుకూలముగనే యున్నది. మనుష్యుని తలపై సుమారు 1,00,000 వెంట్రుకలుండును. ఒక్కొక్క వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు చొప్పున 2 నుండి 6 సంవత్సరములు పెరిగి, కొంత కాలము ఆగి, రాలిపోవును. ఆరోగ్యవంతులకు దినమునకు 50 నుండి 100 వరకు రాలుట సహజము. పొట్టి జుట్టు గల పురుషునికిని అన్నియే రాలును గాని కంటికి కనబడవు. మూరెడు జడ గల స్త్రీకి రాలిన ఒక్కొక్కటియు మూరెడుండును గనుక ఇల్లంతయు ఆమె వెంట్రుకలే యున్నట్లు తోచును. ఇందులో ఆమె అజాగ్రత్త కన్న ఆ వెంట్రుక పొడవే ఎక్కువ యని ఇంటివారు గ్రహింపవలెను.

ఇక శాస్త్ర విషయము. మనుస్మృతి నాలుగవ అధ్యాయము గృహస్థుని నిత్య వర్తనమును చెప్పునది. దీర్ఘాయువు కోరువాడు వెంట్రుకలపై కాలు మోపి నిలువరాదని అందులో నున్నది. వెంట్రుకలతో పాటు అక్కడ చెప్పిన తక్కిన వస్తువులను కూడ వినుడు. బూడిద, ఎముకలు, కుండ పెంకులు, ప్రత్తిగింజలు, ఊక. ఈ పట్టికను చూచిన భయపడవలసిన పని యేమున్నది? ప్రత్తిగింజలలో దయ్యమున్నదా? ఊకలో చేతబడి యున్నదా? ఇవియన్నియు తమ పని ముగిసి మిగిలిన వస్తువులు. వీనిని కాళ్ళక్రింద వదలరాదు, ఒక చోట చేర్చవలెనని తాత్పర్యముగా మేము గ్రహింతుము. పడుగునకు గంజి పెట్టునపుడు ఒక్క వెంట్రుక అంటుకొన్నను అది పోగులను పెనవేసి అచ్చులో చిక్కుకొనునని నేత నేసిన తల్లులకు తెలియును. అందుచేతనే వారు మగ్గము దగ్గర తల దువ్వరు. శాస్త్రము ఇల్లంతటిని ఆ మగ్గమువలె చూచుకొమ్మని చెప్పినది.

అట్లైన రాలిన కేశమును ఎక్కడ చేర్చవలెను? పంచభూతములలో దీనికి స్థానమేది?

అగ్నియందు వేయవచ్చునా యన్నచో, అపవిత్రమైన దానిని అగ్నిలో వేయరాదని మనువే నిషేధించినాడు. మన వంటయింటి పొయ్యి వైశ్వదేవమునకు అన్నము వండు అగ్నికి ఆధారము. వెంట్రుకలో గంధకము గల పదార్థమున్నది. కాలినపుడు వచ్చు దుర్గంధమునకు అదియే కారణము. ఆ పొగ కన్నులకు, ఊపిరికి మంచిది కాదు. గ్యాసు పొయ్యి వచ్చినంత మాత్రమున ఈ ధర్మము మారలేదు.

జలమునందు వేయవచ్చునా? నీటిలో మలమూత్రములను, ఉమ్మిని, అపవిత్రము అంటిన వస్తువులను వేయరాదని అదే అధ్యాయములో నున్నది. పైగా వెంట్రుక నీటిలో కరగదు. స్నానాల గది తూములో దిగిన వెంట్రుక సబ్బు జిడ్డుతో కలిసి త్రాడువలె పేనుకొని నీటిని ఆపివేయును. చెరువులో వేసినను, బావిలో వేసినను అది అట్లే యుండును. ఇంటి తూములోనికి త్రోసి, కనబడలేదు గనుక పోయినదని భావించుట తప్పు.

వాయువునకు వదలవచ్చునా? కిటికీ నుండియో మేడపై నుండియో విసరినచో అది పొరుగువారి అన్నపు గిన్నెలోనో, పశువు మేయు గడ్డిలోనో పడును. పక్షులకు కలుగు బాధ వేరొకటి. 2019లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు పారిస్ నగరములోని పావురములను పరిశీలించినారు. ఎందరో పావురముల కాలివ్రేళ్ళు తెగిపోయి యుండెను. క్షౌరశాలలు ఎక్కువగా నున్న వాడలలో ఆ అంగవైకల్యము ఎక్కువగా కనబడినది. నేలపై పడిన వెంట్రుకలు, దారములు కాలికి చుట్టుకొని బిగిసి వ్రేలిని కోసివేయునని వారు అభిప్రాయపడినారు. అహింసను వ్రతముగా గలవారు ఈ మాట మరువరాదు.

ఇక మిగిలినది భూమి. శాస్త్రము చూపిన స్థానమును ఇదియే. మన ప్రాంతమున పెక్కుమంది ఆపస్తంబ సూత్రులు. ఆ గృహ్యసూత్రము వటువునకు వపనము చేయించు సందర్భమున ఒక చక్కని విధానమును చెప్పినది. ఎద్దు పేడ ముద్దపై యవలను ఉంచి, తీసిన కేశములను దానియందు పట్టి, మేడిచెట్టు మొదటనో దర్భల పొదయందో ఉంచవలెను. పారస్కర గృహ్యసూత్రము కేశములతో కూడిన గోమయ పిండమును గోశాలలోనో నీటి గుంట దగ్గరనో గుప్తముగా ఉంచుమన్నది. సంస్కారమునకు చెప్పిన మంత్రసహిత విధి ప్రతి దినము రాలు వెంట్రుకలకు వర్తింపదు. అయినను దానిలోని భావము గృహస్థునకు మార్గదర్శకము. కేశము పేడతో కలిసి చెట్టు మొదట చేరినచో మట్టియై చెట్టునకు ఎరువగును. వెంట్రుక బరువులో ఇంచుమించు ఆరవ పాలు నత్రజని యున్నదని రసాయన శాస్త్రము చెప్పుచున్నది. అది మెల్లగా కుళ్ళును. ఒక్కొకప్పుడు సంవత్సరము దాటును. అందుచేత చిన్న చిన్న తునకలుగా కత్తిరించి, పేడతోనో ఎండుటాకులతోనో కలిపి, జానెడు లోతున పూడ్చవలెను. పొడవుగా పైపైన వేసినచో కోళ్ళు కెలికి కాళ్ళకు చుట్టుకొనును.

పెరడు లేనివారు, పట్టణములలో మేడలపై నుండువారు ఏమి చేయవలెనని అడుగవచ్చును. కాగితములో పొట్లముగా చుట్టి పురపాలక సంఘము వారి చెత్తబండికి ఇచ్చుట మంచిది. విడిగా విసరరాదు. ప్లాస్టిక్ సంచిలో అన్నపు మెతుకులతో కలిపి వీధిలో పడవేసినచో ఆవు ఆ సంచితో సహా మ్రింగును. గోమాతకు ప్రదక్షిణము చేసిన చేతితోనే ఆ పని చేయుట ఎంత విరుద్ధమో ఆలోచింపుడు.

భోజన విషయములో వెంట్రుకను గూర్చి పెద్దలు కఠినముగా చెప్పిన మాట నిజము. కేశములు, కీటకములు పడిన అన్నమును తినరాదని స్మృతులలో నున్నది. అయితే అవే స్మృతులు శుద్ధిని కూడ విధించినవి. మట్టిని చల్లుట చేత శుద్ధియని మనువును, నీరో బూడిదయో మట్టియో చల్లవలెనని యాజ్ఞవల్క్యుడును చెప్పిరి. ఈ రెండు వచనములకు విరోధము లేకుండ వ్యాఖ్యాతలు సమన్వయము చేసిరి. వెంట్రుకతో కలిసి ఉడికిన అన్నము విడువదగినది. వండిన పిమ్మట పైన పడినచో ఆ భాగమును తీసి శుద్ధి చేసికొనవచ్చును. ఇంతయు విచారించిన ఋషులు వడ్డించిన స్త్రీని తిట్టుమని ఎక్కడను విధింపలేదు. వస్తువునకు దోషము వచ్చిన వస్తువునకే శుద్ధి. విస్తరి ముందు కూర్చుండి ఇంటి ఇల్లాలిని నలుగురి యెదుట అవమానించువాడు అన్నపూర్ణనే అవమానించుచున్నాడు. వెంట్రుక పడిన మెతుకునకు బూడిద చాలును. పడిన మాటకు ఏ బూడిదయు లేదు.

ఇప్పుడు తల్లులందరు శ్రద్ధగా వినవలసిన విషయము చెప్పెదము. ప్రసవమైన రెండు మూడు నెలల పిమ్మట బాలింతకు జుట్టు విపరీతముగా రాలుట సహజము. గర్భవతిగా నున్నపుడు నిలిచియున్న వెంట్రుకలు అప్పుడు ఒక్కసారిగా విడిపోవును. కొన్ని నెలలకు మరల మొలచును. ఆ కాలముననే పసిబిడ్డ ఉయ్యాలలో నుండును. తల్లి వెంట్రుక ఒకటి మేజోటిలోనో పొత్తిగుడ్డలోనో చేరి బిడ్డ కాలివ్రేలికి చుట్టుకొనుట కలదు. అది సన్నముగా నుండుటచేత కంటికి కనబడదు. వ్రేలు వాచిన కొలది ఇంకను బిగియును. రక్తము ఆడక వ్రేలు ఎర్రబడి, పిదప నల్లబడును. ఆలస్యమైన వ్రేలే పోవచ్చును. చేతివ్రేళ్ళకును, మగబిడ్డల గుహ్యాంగమునకును ఇట్లు జరుగును. కావున పాలు త్రాగిన బిడ్డ కారణము తెలియక గుక్కపట్టి ఏడ్చునపుడు దిష్టి తగిలినదని మిరపకాయలు తీయుటకు ముందుగా మేజోళ్ళు విప్పి పది వ్రేళ్ళను చూడుడు. వాచిన వ్రేలికి వెంట్రుక చుట్టుకొని, తేలికగా ఊడిరాని యెడల క్షణమైనను ఆలసింపక వైద్యుని యొద్దకు తీసికొనిపొండు. దిష్టి తీయుట పిమ్మటనైనను చేయవచ్చును. బాలింత తల దువ్వుకొన్న పిమ్మట చేతులు కడిగికొని, రవిక పైనను కొంగు పైనను నున్న వెంట్రుకలను దులుపుకొని బిడ్డను తాకవలెను. బిడ్డ బట్టలను తిరగవేసి చూచి తొడుగవలెను. ఇదియే ఆ ఇంటి నిజమైన రక్ష.

చిక్కువెంట్రుకలను చూరులోనో గోడ సందులోనో దోపి యుంచి, వీధిలో వెంట్రుకలు కొనువాడు వచ్చినపుడు ఇచ్చి స్టీలు గిన్నెయో పిన్నులో తీసికొనుట మన పల్లెలలో చాలకాలముగా నున్నది. ఇందులో దోషమున్నదా యని కొందరు అడిగినారు. దోషము లేదు. కర్ణాటకములో కొప్పళ పట్టణము ప్రక్కనున్న భాగ్యనగరము వంటి చోట్ల ఇట్టి చిక్కుముద్దలను విప్పి, పొడవుల చొప్పున వేరుచేసి, సవరములకు అనువుగా సిద్ధపరచుచున్నారు. ఎందరో పేదస్త్రీలకు అది జీవనోపాధి. ముడి వెంట్రుకలు దొంగచాటుగా సరిహద్దులు దాటుటచేత ఇక్కడి వారికి పని పోవుచున్నదను మొర వినబడగా 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వము వాని ఎగుమతిపై నియంత్రణ విధించినది. మనము పారవేయు దానికి అంత విలువ యున్నది. అయితే అమ్మదలచినవారు చూరులో దోపక మూత గల డబ్బాలో దాచవలెను. వచ్చిన రూకలు ఆ వెంట్రుకలు గల తల్లివే. వేములవాడలోను తిరుమలలోను కల్యాణకట్టలో సమర్పించిన తలనీలాలు దీనికి భిన్నములు. అవి సంకల్పపూర్వకముగా దేవునకు ఇచ్చినవి, దేవస్థానమునకే చెందును. తనంతట రాలినది దానము కాదు, మ్రొక్కును కాదు.

ఇక భయమును గూర్చి. వెంట్రుకతో చేతబడి చేయుదురను మాట మన మెదకు సీమలో బలముగా నాటుకొన్నది. దుబ్బాక 2016లో సిద్దిపేట జిల్లాలో చేరినది గాని అంతకుముందు మెదకు జిల్లాలోనిదే. 1980వ దశకములో ఈ జిల్లా పల్లెలను బాణామతి యను భయము పట్టి పీడించినది. ఆ పేరు చెప్పి నిరపరాధులను కట్టి కొట్టిన, ప్రాణములు తీసిన దుర్మార్గములు జరిగినవి. ఆ దెబ్బలు తిన్నవారిలో వృద్ధులు, దిక్కులేని స్త్రీలు నుండిరి. అభిచారమను మాట శాస్త్రములో లేదని మేము చెప్పము. ఉన్నది. ఏ విధముగా నున్నది? మనువు దానిని ఉపపాతకములలో చేర్చినాడు. అది చేయువాడే దోషి యగునని శాస్త్రము. గడపలో వెంట్రుక ముడి కనబడిన మాత్రమున ఫలానావారు చేసిరని నిశ్చయింప వచ్చునని ఏ ధర్మశాస్త్రమును చెప్పలేదు. దినమునకు 100 వెంట్రుకలు రాల్చు మనుష్యులు వాడలో 500 మంది యున్నచో 50,000 వెంట్రుకలు ప్రతి దినము రాలుచున్నవి. వానిలో కొన్నింటిని గాలి ముద్దచేసి మీ గడపకు తెచ్చుట వింతయా? తేకపోవుటయే వింత. కనబడినచో కాగితముతో తీసి పొట్లము కట్టి పంపుడు, గడప కడిగి ముగ్గు వేయుడు, ఇష్టదైవమును స్మరింపుడు. పొరుగువారి పేరు నోట తేవలదు. జ్వరము వచ్చిన వైద్యుని పిలువుడు. ఒక అబలపై లేని నింద మోపుట కన్న పెద్ద చేతబడి వేరొకటి లేదు. అది నిజముగా ఇల్లు కూల్చును, ప్రాణము తీయును.

జుట్టు ఎక్కువగా రాలుచున్న స్త్రీలను ఆక్షేపించుట కూడ మానవలెను. దీర్ఘజ్వరము తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు రాలుట కలదు. 2020, 2021 సంవత్సరములలో కరోనా జ్వరము వచ్చి తగ్గిన పిమ్మట ఎందరో గుప్పెళ్ళతో రాలిన జుట్టును చూచి దుఃఖించినారు. రక్తహీనత వలనను, గళగ్రంథి దోషము వలనను రాలును. క్యాన్సరునకు కొన్ని మందులు తీసికొనువారికి తల బోడియగును. బోడితలను అశుభమనువారు తాము మ్రొక్కు తీర్చి గుండుతో ఇంటికి వచ్చిన దినమును జ్ఞాపకము చేసికొనవలెను. అప్పుడు పూజ్యమైన శిరస్సు ఇప్పుడు అశుభమెట్లగును? రోగముతో పోరాడు తల్లి శిరస్సు తపస్సు చేయువారి శిరస్సుతో సమానము. ఆమె దిండుపై రాలిన వెంట్రుకలను ఆమె చూడకముందే తీసివేయు కొడుకు, కోడలు, భర్త చేయు సేవ దేవతార్చనకు తక్కువ కాదు.

కడపట ఇంటికి కొన్ని నియమములు చెప్పి ముగింతుము. తల దువ్వుకొనుటకు ఇంటిలో ఒకే చోటు ఏర్పరచుకొనుడు. అది వంటయింటికి, దేవుని గూటికి, ఉయ్యాలకు, మగ్గమునకు దూరముగా నుండవలెను. క్రింద పాత వస్త్రమో కాగితమో పరచి దువ్వుకొనుడు. బీడీలు చుట్టు తల్లులు చేట ఒడిలోనికి తీసికొనక ముందే జడ వేసికొనుడు. ఇల్లు ఊడ్చుటకు ముందు దువ్వుకొనుడు, తరువాత కాదు. దీపాలవేళ తల దువ్వరాదని పెద్దలు చెప్పినారు. ఆముదపు దీపపు వెలుగులో రాలినది కనబడదు గదా! చీపురునకు చిక్కని వెంట్రుకను తడిగుడ్డతో అద్ది తీయుడు. స్నానాల గది తూమునకు జాలీ పెట్టి దినదినము శుభ్రము చేయుడు. వండునపుడు, వడ్డించునపుడు జుట్టు ముడి వేసికొనుడు. సంధ్యావందనమునకు ముందు శిఖాబంధనము పురుషునకు విధి యైనట్లే అన్నయజ్ఞమునకు ముందు కేశబంధనము వండువారికి విధి. నేడు పురుషులును వండుచున్నారు గనుక ఈ మాట వారికిని చెల్లును. రాలిన వెంట్రుకను తీయుట ఎవరిదో వారి పనియే యని ఇంటివారు కాలితో ప్రక్కకు నెట్టరాదు. చూచినవారే తీయవలెను.

అగ్నిని, జలమును, వాయువును మలినపరచక, రాలిన దానిని భూమికి అప్పగించుట గృహస్థుని ధర్మము. ఇంతకు మించి దానికి భయమును, నిందను, కోపమును చేర్చుట మనము కల్పించుకొన్నది. ఆ కల్పితమును విడిచి, ఈ చిన్న శౌచమును పాటించు ఇండ్లలో శ్రీమహాలక్ష్మి స్థిరముగా నుండుగాక.

శుభం భూయాత్.